కారణవిచారం: రాత్రికి రాత్రి ఆగిన వైఫై

నిన్నటి వరకు చక్కగా నడిచిన వస్తువు ఈనాడు నడవకపోతే మనుష్యుని బుద్ధి ముందుగా వెదికేది దోషిని. దోషం తరువాతి మాట. వస్తువు ఎందుకు ఆగిందన్న ప్రశ్న రెప్పపాటులో ఎవరు ఆపారన్న ప్రశ్నగా మారిపోతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. కనుక కాకి వాలడం చేతనే పండు రాలిందని తలచడాన్ని పెద్దలు కాకతాళీయమన్నారు. ఆ మాటను ఇప్పుడు కేవలం ‘అనుకోకుండా’ అనే అర్థంలో వాడేస్తున్నాము. నిజానికి అందులో ఒక హెచ్చరిక దాగి ఉంది. ముందు జరిగినదల్లా కారణం కాదు.

ఈ హెచ్చరిక విలువ తెలియడానికి గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్‌లో గత భాద్రపదంలో ఒక గృహంలో వైఫై ఆగింది. ఆగినది ఒక చిన్న యంత్రం. దానితో ఆగబోయినవి రెండు: ఒక బాలుని వేదాధ్యయనం, అత్తాకోడళ్ళ మధ్య మాట.

నల్లమల అంచున, అచ్చంపేటకు చేరువలో ఉన్న బల్మూర్ 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడే దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. చెప్పుకుంటున్న ఇల్లు పాతకాలపుది. గోడలు మూరెడు మందం. ఇంటిలో వృద్ధురాలైన తల్లి, ఉద్యోగం చేసుకొనే కుమారుడు, హైదరాబాదులోని ఒక సంస్థకు ఇంటి నుంచే కంప్యూటరు మీద పని చేసే కోడలు, తొమ్మిదవ తరగతి చదివే మనుమడు. ఇంటి పెద్దాయన కాలం చేయడంతో ఆ ఇంట వేదఘోష నిలిచిపోయింది. కుమారుడికి అధ్యయనం అబ్బలేదు. ఉపనయనం అయిన తరువాత మనుమడు తనంతట తానే అడిగాడు. హైదరాబాదులో ఒక పాఠశాలలో చెప్పే గురువుగారు ప్రతి సాయంకాలం ఫోనులో ముఖాముఖి కనిపిస్తూ సంత చెప్పడానికి అంగీకరించారు. ఫోను తండ్రి వాడి వదిలేసినది, ఏడెనిమిదేళ్ళ నాటిది. ఆ వృద్ధురాలికి ఆ ముప్పావుగంట దినమంతటికీ ప్రాణం వంటిది. భర్త కంఠం ఆగిన గదిలో మరొక కంఠం వినవస్తున్నది కదా!

వేదాధ్యయనంలో సంత అంటే గురువు ఒకసారి పలికినదాన్ని శిష్యుడు అదే స్వరంతో రెండుసార్లు పలకడం. పుస్తకం ఎదురుగా ఉన్నా అది ప్రమాణం కాదు, చెవే ప్రమాణం. కనుక ఆ ఇంటిలో నెట్ ఆగడమంటే సినిమా ఆగడం వంటిది కాదు. తెగినది గురుశిష్యుల మధ్య తీగ.

ఇక జరిగినది. అష్టమి అనధ్యాయం కనుక ఆ సాయంకాలం పాఠం లేదు. ఖాళీగా ఉన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి లెక్కలు చేయించాలని కోడలు అన్నది. అనధ్యాయం నాడు పిల్లవాణ్ణి విశ్రాంతిగా ఉండనివ్వాలని అత్తగారు అన్నారు. రాత్రి తొమ్మిది గంటల వేళ మాటకు మాట పెరిగింది. ‘ఈ చదువు వల్ల ఆ చదువు వెనుకబడుతున్నది, పదవ తరగతి ఎంతో దూరంలో లేదు’ అని కోడలు గట్టిగానే చెప్పింది. మరునాడు నవమి. పాఠం వేళకు ఫోను వైఫైని పట్టుకోలేదు. తెర మీద ‘పాస్‌వర్డ్ సరిచూసుకొని మళ్ళీ ప్రయత్నించండి’ అని వచ్చింది. పది సార్లు సరిచూశారు. పది సార్లూ అదే మాట.

కోడలి ల్యాప్‌టాప్‌కు మాత్రం ఏ ఆటంకమూ లేదు. కుమారుని కొత్త ఫోనుకూ లేదు.

“నిన్న రాత్రి అంత మాట అన్నావు. ఈ రోజు పిల్లవాడి ఫోనుకు నెట్ లేదు, నీ పనికి మాత్రం ఉంది. పాస్‌వర్డ్ సరిచూసుకోమని ఆ ఫోనే చెబుతున్నది. ఇంకా ఏమి చెప్పాలమ్మాయీ?” అన్నారు అత్తగారు.

“అత్తయ్యా, నేను దాన్ని ముట్టుకోనే లేదు,” అన్నది కోడలు. అంతకు మించి అనలేదు. అనకపోవడం కూడా అంగీకారంగానే కనబడింది.

తెలుగులో ‘అనుమానం’ అంటే సందేహం. శాస్త్రంలో అనుమానం అంటే హేతువును చూసి సాధ్యాన్ని నిశ్చయించే ప్రమాణం. ఒకే మాటకు ఇంత ఎడం రావడం మన భాషలోని వింత. ఆ సాయంకాలం అత్తగారు చేసినది తెలుగు అనుమానమైనా, చూడడానికి అచ్చంగా శాస్త్రీయానుమానంలాగే ఉంది. ద్వేషానికి హేతువుంది, అవకాశముంది, ఫలం కనిపిస్తున్నది, పైగా ఫోను సాక్ష్యం చెప్పింది. ఆమెను మూర్ఖురాలని అనడానికి వీలులేదు. విద్యావంతులు ఇంతకంటె తక్కువ ఆధారంతో ఇంతకంటె పెద్ద నిందలు వేస్తున్నారు.

కుమారుడు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి, ఇటువంటి సందర్భాలలో అందరూ చేసే పనికి సిద్ధపడ్డాడు: రౌటరు వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కిపట్టడం. దానితో యంత్రం పుట్టినప్పటి స్థితికి పోతుంది. కోడలు వద్దన్నది. ఆమె చెప్పిన కారణం సరియైనదే. అలా నొక్కితే నెట్ ఇచ్చేవారు అందులో వ్రాసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మొదలైనవన్నీ చెరిగిపోవచ్చు. అవి కాగితం మీద లేకపోతే ఉన్న నెట్ కూడా పోతుంది. కాని ఆ స్థితిలో ఆ మాట ఎలా వినబడిందో పాఠకులు ఊహించగలరు. సాక్ష్యం బయటపడుతుందని భయపడుతున్నదని అత్తగారి తలంపు. వాస్తవమేమంటే పిన్ను గుచ్చి ఉంటే కోడలి నిర్దోషిత్వానికి మిగిలిన ఏకైక సాక్ష్యం నశించేది.

ఆ సాక్ష్యం రౌటరులోని లాగ్. చాలా రౌటర్లు తమలో జరిగిన మార్పులను కాలంతో సహా ఒక పట్టికగా వ్రాసుకుంటాయి. బ్రౌజరులో రౌటరు చిరునామా కొట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే అది కనబడుతుంది. ఆ చిరునామా చాలా ఇళ్ళలో 192.168.1.1 గాని 192.168.0.1 గాని అయి ఉంటుంది. కుమారుడు తల్లి ఎదుటనే తెరిచాడు. చివరి పంక్తులలో సెట్టింగులు మారినట్లు, యంత్రం తిరిగి మొదలైనట్లు ఉంది. దాని ఎదుట తేదీ అష్టమి నాటిది. కాలం 21:17.

రాత్రి 9 గంటల 17 నిమిషాలు. గొడవ జరిగిన వేళ అదే! గదిలో ఎవరూ మాట్లాడలేదు.

పాఠం వేళ దాటడం వల్ల గురువుగారే మామూలు ఫోనులో పలకరించారు. సంగతి విన్నారు. ఆయన వేదంతో పాటు తర్కం చదువుకున్నవారు. రౌటరు లోపల ఏముంటుందో ఆయనకు తెలియదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఆ యంత్రంలో ఇప్పుడు ఎన్ని గంటలని చూపిస్తున్నది?”

చూశారు. బయట దీపాలు పెట్టే వేళ దాటి ఏడయింది. యంత్రంలో మధ్యాహ్నం ఒకటిన్నర.

పంచాంగం చూసేవారికి ఈ ప్రశ్న సహజంగా తోస్తుంది. ఏ కాలమైనా ఏ రేఖకు చెందినదో తెలియకుండా కాలమే కాదు. మన భారత ప్రామాణిక సమయం తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖకు చెందినది. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. బల్మూర్ దానికి పడమరగా ఉంది కనుక అక్కడి సూర్యుడు గడియారానికి సుమారు పావుగంట వెనుక. దేశాంతర సంస్కారం చేయని పంచాంగం ఎంత నమ్మదగినదో, ఏ రేఖకు చెందినదో తెలియని లాగ్ కూడా అంతే నమ్మదగినది. రౌటరు తన స్థానం మరచినప్పుడు తరచుగా గ్రీన్‌విచ్ రేఖ కాలాన్ని అనుసరిస్తుంది. మనకు ఐదున్నర గంటలు వెనుక. 21:17కు ఐదున్నర గంటలు కలిపితే తెల్లవారుజామున 2 గంటల 47 నిమిషాలు. ఆ వేళ ఆ ఇంటిలో అందరూ నిద్రలో ఉన్నారు.

మనుష్యులు నిద్రపోయే ఆ వేళలోనే యంత్రాలకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే ఆచారం ఉంది. రౌటరు స్థూలశరీరం ప్లాస్టిక్కు, తీగలు, యాంటెన్నాలు. దానిని నడిపే ఆదేశసముదాయం దాని లోపలే స్థిరంగా నిలిచి ఉంటుంది. దానినే ఫర్మ్‌వేర్ అంటారు. శరీరం మారకుండా సంస్కారం మారినట్లుగా, పెట్టె అదే ఉండగా దాని స్వభావం మారిపోవచ్చు. అర్ధరాత్రి కొత్త సంస్కారం పొంది లేచినవాడు కొన్ని పాత బంధువులను గుర్తుపట్టకపోవచ్చు, తన ఊరి కాలాన్నీ మరచిపోవచ్చు.

అయితే ఈ అప్‌డేట్‌లు లేకుండా ఉంటేనే మేలు కదా అనేవారున్నారు. అది సరికాదు. 2017 అక్టోబరులో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథీ వాన్‌హూఫ్, అప్పటికి లోకమంతా వాడుతున్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణపద్ధతిలో ఒక ఛిద్రాన్ని బయటపెట్టాడు. దానికి క్రాక్ అని పేరు. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే దుష్టక్రమణిక 54 దేశాలలో కనీసం 5 లక్షల రౌటర్లలోను, ఇతర నెట్‌వర్క్ పరికరాలలోను ప్రవేశించినట్లు తేలింది. అప్పుడు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇళ్ళలోని రౌటర్లను ఆపి మళ్ళీ మొదలుపెట్టమని ప్రజలకు విజ్ఞప్తి చేసింది. గడియ పెట్టని ద్వారం తన ఇంటికే కాదు, వీధికంతటికీ ప్రమాదం. అప్‌డేట్ ఆ గడియ. కాబట్టి దానిని మానడం కంటె, అది జరిగే వేళ కరెంటు పోకుండా రౌటరును ఇన్వర్టరుకో చిన్న యూపీఎస్‌కో కలిపి ఉంచడం వివేకం. నడిమధ్యలో కరెంటు పోతే కొన్ని యంత్రాలు మళ్ళీ లేవవు.

ఇక్కడికి కోడలిపై నింద తొలగింది. నింద అప్‌డేట్ మీదికి మారింది. ‘సరే, అప్‌డేటే కారణం’ అని కుమారుడు తేల్చాడు. గురువుగారు ఒప్పుకోలేదు. “నాయనా, ఇందాక కోడలు, ఇప్పుడు అప్‌డేటు. పేరు మారింది గాని తర్కం మారలేదు. చెడినదేదో చెప్పావు. చెడనిదేదో కూడా చెప్పు,” అన్నారు.

ఇది న్యాయశాస్త్రం పెట్టిన నియమం. తెలుగుదేశం వాడని పండితులు చెప్పే అన్నంభట్టు పదిహేడవ శతాబ్దంలో బాలుర కోసం రచించిన తర్కసంగ్రహం నేటికీ పాఠశాలల్లో తొలి పుస్తకం. కార్యానికి ముందు నియమంగా ఉండేది కారణమని ఆ శాస్త్రం చెబుతుంది; ముందుండడం ఒక్కటే చాలదు, నియమం ఉండాలి. ఆ నియమం కూడా అన్యథాసిద్ధం కాకూడదని వ్యాఖ్యానాలు జోడిస్తాయి. కుండ పుట్టడానికి ముందు కుమ్మరి ఉంటాడు, చక్రం ఉంటుంది, మట్టిని మోసిన గాడిద కూడా ఉంటుంది. గాడిద కుండకు కారణమా? మట్టిని ఎవరు మోసినా కుండ పుడుతుంది. లోకంలో మోపబడే నేరాలలో సగం పాపం ఈ గాడిదలదే.

కారణమా, గాడిదా అని తేల్చడానికి సాధనం అన్వయవ్యతిరేకాలు. ఇది ఉంటే అది ఉండడం అన్వయం. ఇది లేకపోతే అది లేకపోవడం వ్యతిరేకం. వైఫై మరమ్మత్తు అంతా ఈ రెండు మాటలలోనే ఉంది. పది మార్పులు ఒకేసారి చేసి, ఏదో ఒకటి ఫలించినప్పుడు ఏది ఫలించిందో తెలియక సంతోషించడం మరమ్మత్తు కాదు.

గురువుగారు ఫోనులో ఉండగానే కోడలు ఒక్కొక్కటిగా చూసింది. ముందు దీపాలు. బయటి నుంచి ఫైబర్ వచ్చే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్రదీపం వెలిగితే దోషం తీగలో ఉన్నట్లు. అప్పుడు ఇంటిలో ఏమి చేసినా ప్రయోజనం లేదు. ఆ దీపం వెలగలేదు. తరువాత ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ కేబుల్‌తో రౌటరుకు కలిపింది. నెట్ ఉంది. కేబుల్ తీసి వైఫై మీద చూసింది. ఉంది. కుమారుని ఫోను, ఉంది. బాలుని ఫోనును రౌటరు పక్కనే పెట్టి చూశారు, లేదు. అంటే గోడల మందం కారణం కాదు. ఫోనులో ఆ నెట్‌వర్క్‌ను మరచిపొమ్మని చెప్పి, పాస్‌వర్డ్‌ను కొత్తగా వ్రాశారు, లేదు. పాత జ్ఞాపకం కారణం కాదు.

మరి ఫోనే చెడిందేమో? అచ్చంపేటలో ఫోన్లు బాగుచేసే ఒక దుకాణదారుని అడిగితే, చూడకుండానే ‘పాతదైపోయింది, వైఫై చిప్ పోయి ఉంటుంది, కొత్తది కొనండి’ అన్నాడట. గురువుగారు నవ్వారు. ఆ వాదం శాస్త్రంలోనిదే. అగ్ని దగ్గర చంద్రకాంతమణిని ఉంచితే అది కాల్చదని దృష్టాంతం. మణి వల్ల అగ్నిలోని దాహశక్తి నశించిందని మీమాంసకులు అంటారు. నైయాయికులు ఒప్పుకోరు. శక్తి అనేది వేరుగా ఏదీ నశించలేదు. ప్రతిబంధకం అడ్డుగా ఉంది. ప్రతిబంధకం లేకపోవడం కూడా కార్యానికి కావలసిన సామగ్రిలో ఒకటి అని వారి సిద్ధాంతం. దుకాణదారుడు తనకు తెలియకుండానే మీమాంసకుడు! నిర్ణయించడానికి ఒక్క పరీక్ష చాలు. పిల్లవాణ్ణి ఫోనుతో పొరుగింటికి పంపారు. అక్కడి వైఫైకి ఫోను వెంటనే కలిసింది. అగ్ని అగ్నిగానే ఉంది. మణి ఈ ఇంటిలో ఉంది.

పొరుగింటివారిదీ అదే కంపెనీ రౌటరు. దానికీ అప్‌డేట్ వచ్చింది. అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు. కాని అక్కడ ఎవరూ ఆ యంత్రంలో రక్షణస్థాయిని పెంచమనలేదు. ఈ ఇంటిలో కోడలు, ఉద్యోగం చేసే సంస్థ నియమం ప్రకారం, ఎప్పుడో కొన్ని నెలల క్రితం లభ్యమైనంతలో అత్యున్నత రక్షణ కావాలని ఎంపిక చేసి ఉంది. పాత ఫర్మ్‌వేర్‌కు తెలిసిన అత్యున్నత రక్షణ డబ్ల్యూపీఏ2, 2004 నాటిది. కొత్త ఫర్మ్‌వేర్‌కు తెలిసినది డబ్ల్యూపీఏ3, 2018లో వచ్చింది. ఎంపిక అదే ఉండగా దాని అర్థం 2 గంటల 47 నిమిషాలకు మారిపోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు డబ్ల్యూపీఏ3 తెలిసినది 2019లో వచ్చిన పదవ ఆండ్రాయిడ్ నుంచి. బాలుని ఫోను అంతకు ముందుది. రౌటరు ఒక భాషలో సంకేతం అడుగుతున్నది. ఫోనుకు ఆ భాషే రాదు. రాదని చెప్పుకోవడం కూడా చేతకాక, పాస్‌వర్డ్ తప్పేమో చూసుకొమ్మని ఎదుటివారి మీద పెట్టింది. యథార్థం తెలిసి, తెలిసినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పేవాడు ఆప్తుడు. అతని మాటే శబ్దప్రమాణం. ఫోను తెర ఆప్తుడు కాదు.

నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందని అనరాదని, కాలిన ఇనుపగుండులో నిప్పు ఉండి కూడా పొగ ఉండదని తార్కికులు చెబుతారు. నిప్పుకు తడికట్టె తోడైతేనే పొగ. ఆ తడికట్టెను ఉపాధి అంటారు. అప్‌డేట్ ఉన్నచోట అంతరాయం ఉంటుందన్న వాక్యానికి కూడా ఉపాధి ఉంది: పాత ఫోను, పై రక్షణ ఎంపిక, రెండూ కలిసిన చోట మాత్రమే. ఒక్కటి లేకపోయినా అంతరాయం లేదు. ఆ రెండింటిలో ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి పెట్టినది. ఇద్దరూ మంచికే చేశారు.

పరిష్కారానికి రక్షణను తగ్గించనక్కరలేదు. మణి ఉన్నా అగ్ని మళ్ళీ కాల్చేటట్లు చేసే వస్తువును ఉత్తేజకమంటారు. ఆ పని ఇక్కడ గెస్ట్ నెట్‌వర్క్ చేసింది. అనేక రౌటర్లు అతిథుల కోసం వేరొక పేరుతో రెండవ వైఫైని ఇవ్వగలవు. దానిని డబ్ల్యూపీఏ2తో, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పెట్టి, బాలుని ఫోనును అందులో కలిపింది కోడలు. ఉద్యోగపు ల్యాప్‌టాప్ పై రక్షణలోనే ఉండిపోయింది. 2.4 తరంగాలకు వేగం తక్కువ, మందపు గోడలను దాటే బలం ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ అందుకు విపర్యయం. కొత్త ఫర్మ్‌వేర్‌లు రెండింటినీ ఒకే పేరు కింద కలిపివేస్తుంటాయి. అప్పుడు లోపలి గదిలోని ఫోను బలహీనమైన 5ను పట్టుకొని వదలక వేలాడుతుంది. పేర్లు విడదీస్తే చాలాచోట్ల సగం బాధ తీరుతుంది. 2.4లో ఇరుగుపొరుగు రౌటర్లు ఒకదానిపై ఒకటి పడకుండా ఛానెల్ 1, 6, 11లలో ఒకటి ఎంచుకోవడం మంచిది. రౌటరులో కాలమండలాన్ని భారతదేశానికి సరిచేయడం మరువరాదు. లేకపోతే అది మళ్ళీ ఎవరో ఒకరి మీద అబద్ధసాక్ష్యం చెబుతుంది.

దశమి నాడు పాఠం నడిచింది. అయితే గురువుగారు పావుగంటకే ఆపారు. “స్వరితం వినరావడం లేదు. చివర్లు కొట్టుకొనిపోతున్నాయి,” అన్నారు. అందరూ మళ్ళీ రౌటరు వైపు చూశారు.

ఇది చిన్న లోపం కాదు. ఒక్క స్వరం తప్పినందువల్ల ఇంద్రుణ్ణి చంపవలసినవాడు ఇంద్రుని చేతనే హతుడైన వృత్రుని కథ వేదం చదివే ప్రతి బాలునికీ చెబుతారు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణకు సంబంధించి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరింటిని చెప్పింది. నెట్ మీద మాట పోయే విధానం తెలిస్తే ఈ ఆరింటిలో ఏది ఎక్కడ పోతుందో తెలుస్తుంది. మాట తెగని ధారగా పోదు. సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా, ఒక్కొక్క పొట్లంలో పోతుంది. పొట్లాలు ఆలస్యంగాను, ముందువెనుకలుగాను వస్తే మాత్ర చెడుతుంది. కొన్ని పోతే సంతానం తెగుతుంది. మరీ సూక్ష్మమైనది మరొకటి ఉంది. పోయిన పొట్లం చోటును యంత్రం ఖాళీగా ఉంచదు. అంతకు ముందరి ధ్వనిని కొంచెం సాగదీసి నింపుతుంది. సంభాషణలో అది ఉపకారం. సంతలో అది హ్రస్వాన్ని దీర్ఘం వైపు నెట్టడం. అవతలి చెవికి ఇది గురువు పలికినదో యంత్రం పూరించినదో తెలియదు.

కనుక రౌటరును అనుమానించడం అన్యాయమేమీ కాదు. కాని ఈసారి కోడలే పరీక్ష చెప్పింది. వైఫైని పూర్తిగా ఆపి, ఫోనును సిమ్ డేటా మీద పెట్టి అదే అనువాకాన్ని చెప్పించింది. స్వరితం అప్పుడూ లేదు. కారణమనుకున్నది తొలగినా కార్యం ఉంది. రౌటరుకు ఇందులో పాత్ర లేదు.

దోషం ఫోనులోని యాప్‌లో ఉంది. వీడియో కాల్ యాప్‌లు చాలావరకు మాటను ఉంచి తక్కిన శబ్దాన్ని తొలగిస్తాయి. పంకా చప్పుడు, మిక్సీ చప్పుడు వంటివి తీయడానికి పెట్టిన ఏర్పాటు అది. నిలకడగా, ఒకే శ్రుతిలో సాగే ధ్వనిని అది చప్పుడని తలచవచ్చు. వేదపాఠం సాగే తీరే అది! సంభాషణలో ఎవరూ అలా నిలిపి పలకరు. సెట్టింగులలో శబ్దనివారణను ఆపి, అసలు ధ్వనిని ఉన్నదున్నట్లు పంపమని ఎంచుకోగానే గురువుగారికి స్వరితం వినవచ్చింది. సంగీతం నేర్పేవారికి ఈ మీట చాలాకాలంగా తెలుసు.

అంటే ఆ లోపం అప్‌డేట్‌కు ముందు నుంచీ ఉంది. రెండు రోజుల కలత వల్ల అందరి చెవులూ నిశితమై ఇప్పుడు వినబడింది, అంతే. గురువుగారు ఇది తేలికగా తీసుకోలేదు. గడిచిన నెలల పాఠాన్ని మొదటి నుంచి వల్లె వేయించి విన్నారు. మూడు అనువాకాలలో స్వరితాలు చదునై ఉన్నాయి. బాలుడు తప్పు పలకలేదు. తనకు వినబడినది వినబడినట్లే పలికాడు. ఆ మూడింటినీ మరపించి మళ్ళీ నేర్పడం కొత్తవి ముప్పై నేర్పడం కంటె కష్టమని అధ్యాపకులందరికీ తెలుసు.

ఆయన ఒక నిర్ణయం చేశారు. నేర్చినదాన్ని వల్లె వేయడం ఫోనులో. కొత్త సంత మాత్రం ఎదురుగా కూర్చుని. నెలకు రెండు ఆదివారాలు బాలుణ్ణి హైదరాబాదుకు తీసుకొని రావాలి. అనధ్యాయం పడితే ముందువెనుకలు చూసుకోవాలి.

“అంత దూరం ఎవరు తీసుకొని వెళతారు?” అని అత్తగారు అడిగారు. కుమారునికి ఆదివారాలు కూడా పని ఉంటుంది.

“నేను వెళతాను అత్తయ్యా. దారిలో లెక్కలు చేయిస్తాను,” అన్నది కోడలు.

అత్తగారు నవమి నాటి మాటకు క్షమాపణ చెప్పలేదు. ఆ తరంలో పెద్దవారు చిన్నవారికి చెప్పడం అరుదు. మరునాడు గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఏమిటని కోడలిని అడిగి, పంచాంగం అట్ట వెనుక తన చేతితోనే వ్రాసుకున్నారు. కింద రౌటరు అడ్మిన్ పాస్‌వర్డ్, నెట్ ఇచ్చేవారి యూజర్‌నేమ్ కూడా వ్రాయించారు. ఇంగ్లీషు అక్షరాలు కావడం వల్ల ఒక్కొక్కటి కోడలు చెప్పగా, చూసి, రెండుసార్లు పలికి, వ్రాశారు.

ఫోను సంగతి మిగిలి ఉంది. దానికి దాని కంపెనీ నుంచి అప్‌డేట్‌లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. గెస్ట్ నెట్‌వర్క్ మీద అది ఇంకొంతకాలం నడుస్తుంది. ఉగాది దాకా నడిస్తే చాలునని, అప్పటికి కొత్తది చూద్దామని ఆ ఇంటివారి ఆలోచన.